పదకొండుగారి పన్నెండో మాట

మా పదకొండుగారికి లోకంలో పదకొండు మాటలు చాలు. పన్నెండోది కాళ్ళావేళ్ళా పడి ఇచ్చినా పుచ్చుకోరు.

ఇది విని ఆయన్ని మితభాషి అనుకునేరు. నోరు తెరిచారంటే ఎదుటివాడి చేతిలో టీ చల్లారిపోయి, వేడి చేయించుకుని, మళ్ళీ చల్లారినా ఆపరు. పదకొండు లెక్క మనుషులతో కాదు, కంప్యూటరుతో. కంప్యూటరుకు పని చెప్పడానికి భాషలుంటాయి. ఒక్కో భాషలో వందల మాటలు, వాటిని ముడివేసే వేల మెలికలు. ఎన్ని మెలికలు తిప్పగలిగితే అంత మొనగాడని మా వాళ్ళ లెక్క. నలభై లైన్ల పనిని నాలుగు అక్షరాల్లో చుట్టేసి, దాన్ని చూసి తనే మురిసిపోయి, పక్కవాణ్ణి పిలిచి చూపించి, వాడికి అర్థం కాకపోతే ఇంకాస్త మురిసిపోవడం మా వృత్తిలో ఉన్న ముఖ్యమైన ఆనందం. పదకొండుగారు ఈ ఆనందానికి బద్ధశత్రువు.

మాది నగరానికి నీళ్ళు సరఫరా చేసే కార్యాలయం. రెండువందల పన్నెండు వీధులు, వీధికొక వాల్వు. ఏ వీధి వాల్వు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పే ప్రోగ్రామ్ మా రెండో అంతస్తులో తయారై, ఊరి చివర పంప్‌హౌస్‌లో ఉన్న కంప్యూటరులో నడుస్తుంది. నేను ఆ ఆఫీసులో చేరిన రోజు నా వయసు ఇరవై నాలుగు. నా గర్వం నాకంటే రెండేళ్ళు పెద్దది.

పదకొండుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "సోమవారం అయితే ఏడో వీధి వాల్వు తెరిచి, అరగంటకి మూయాలి. రాయమ్మాయ్," అన్నారు.

నేను ఒక్క లైనులో రాసి ఇచ్చాను. అందులో నాకు వచ్చిన విద్యంతా కూరాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసి, "బాగుంది. ఇప్పుడు పైకి చదువు," అన్నారు.

"ఏం చదవాలి సార్?"

"నువ్వు రాసిందే. ఏది ఏం చేస్తుందో నాకు చెబుతూ చదువు."

చదివాను. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. ఒకచోట కాగితం మీద బొమ్మ గీయాల్సి వచ్చింది.

"రాయడానికి ఎంతసేపు పట్టింది?"

"ఒక్క నిమిషం సార్."

"చెప్పడానికి నాలుగు పట్టింది. ఆ మిగతా మూడు నిమిషాలూ రేపు ఎవరి నెత్తిన పడతాయమ్మాయ్?"

ఆయన చొక్కా జేబులోంచి ఒక అట్టముక్క తీశారు. నలిగి, అంచులు అరిగి, టీ మరకతో ఉంది. దాని మీద పదకొండు మాటలున్నాయి. మన భాషలో చెప్పుకుంటే అవి ఇవి: పెట్టు, కూడు, తీసెయ్, అయితే, లేకపోతే, మళ్ళీ, ఆగు, తెరువు, మూయి, చూపు, చాలు. ఈ ఆఫీసులో ఏం రాసినా వీటితోనే రాయాలి.

"మిగతా భాషంతా ఏం చెయ్యాలి సార్?" అన్నాను.

"ఉండనీ. ఎవరి జోలికీ రాదు."

"కానీ ఎందుకని?"

"నా బుర్ర చిన్నదమ్మా. పదకొండే పడతాయి. పన్నెండోది లోపలికొస్తే మొదటిది బయటికి పోతుంది. అప్పుడు ఏదీ ఎక్కడా పెట్టలేను."

ఈ మాట ఆయన సిగ్గుపడుతూ అనరు. తన చెప్పుల సైజు చెప్పినంత మామూలుగా అంటారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళతోనూ అన్నారు, పై అధికారులతోనూ అన్నారు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో మూడుసార్లు అన్నారు, మూడుసార్లూ వాళ్ళు నమ్మారు. ఆయన తర్వాత చేరినవాళ్ళు ఆయన కంటే ముందే పైకెళ్ళి, పైనుంచి ఆయన్ని 'పదకొండుగారూ' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన పలికారు కూడాను. పేరు కంటే అంకె సుఖం, స్పెల్లింగు అడగరు అన్నారు.

పన్నెండో మాట కావాలంటే దారి లేకపోలేదు. దానికొక దరఖాస్తు ఫారం ఉంది. ఆయనే అచ్చు వేయించారు. ఏ మాట కావాలి, ఎందుకు కావాలి, అది లేకపోతే ప్రాణాపాయమా, దాన్ని నీ తర్వాత ఎవరు చదువుతారు, వాళ్ళను అడిగావా అని గడులుంటాయి. అన్నిటికంటే కింద 'తిరస్కరించిన కారణం' అనే గడి ఉంటుంది. 'మంజూరు' అనే గడి లేదు. రెండేళ్ళలో నేను నలభై మూడు దరఖాస్తులు పెట్టాను. నలభై మూడింటి మీదా ఒకే కారణం రాసి సంతకం చేశారు: 'నా బుర్ర పట్టదు.'

నేను అడిగింది పెద్ద వింతేమీ కాదు. పది లైన్ల గుంపుకు ఒక పేరు పెట్టుకుని, తర్వాత ఆ పేరు పిలిస్తే ఆ పదీ జరిగేలా చేసే మాట. ప్రతి భాషలోనూ ఉంటుంది, మా వృత్తిలో చేరిన రెండో వారంలో నేర్పుతారు. అది లేక మా ప్రోగ్రామ్‌లో ఏడో వీధికి ఇరవై ఎనిమిది లైన్లు, ఎనిమిదో వీధికి అవే ఇరవై ఎనిమిది లైన్లు, వీధి అంకె ఒక్కటే తేడా. మొత్తం ఆరువేలకు అరవై నాలుగు తక్కువ. వేసవికి వేళలు మారితే రెండువందల పన్నెండు చోట్ల మార్చాలి. ఆ చాకిరీ ప్రతి ఏడూ ఎవరు చేస్తున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఆయన మూల కూర్చుని ఆయనే చేసుకుంటారనుకున్నాను. చేసుకోనీ, బుద్ధొస్తుంది అని కూడా అనుకున్నాను.

"సార్, ఇంట్లో టీ కావాలంటే ఏమంటారు?" అని ఒకసారి వాదించాను. "నీళ్ళు పోయి, పొయ్యి వెలిగించు, ఆకు వెయ్యి, వడగట్టు అని ప్రతిసారీ చెబుతారా? టీ పెట్టు అంటారు. అంతే కదా."

"నేను నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించి, ఆకు వేసి, వడగట్టుకుంటాను," అన్నారు.

నిజమే. ఒకసారి ఆయన ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్ళి కళ్ళారా చూశాను. టీవీ రిమోటు మీద నాలుగు మీటలు తప్ప తక్కినవన్నీ టేపు కింద ఉన్నాయి. బట్టలుతికే యంత్రానికి పద్నాలుగు రకాల ఉతుకులుంటే, పదమూడింటిని నల్ల రంగుతో కప్పేశారు. గొడుగుకు నొక్కితే తెరుచుకునే బొత్తం ఉంది కానీ దాన్ని పీకేసి చేత్తో తెరుస్తారు. బొత్తం నొక్కితే అదేం చేస్తుందో కనపడదట, లోపల నమ్మకద్రోహం జరగొచ్చట.

"మీరెలా వేగుతున్నారు ఆంటీ?" అని ఆయన భార్యను అడిగాను.

"వేగడమేముంది, అలవాటైపోయింది," అంది ఆవిడ కూర వడ్డిస్తూ. "ఆయన పదకొండు పిచ్చి పెళ్ళయ్యాక మొదలైంది కాబట్టి బతికిపోయాను. ముందే ఉంటే పదకొండు మందిని చేసుకునేవారు."

"నాకంత బుర్ర లేదు," అన్నారు ఆయన అన్నం కలుపుతూ.

అలా గడిచిపోతుండగా మా ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూ ఒక కొత్త భాషను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ భాషలో లేనిది లేదు. భాషను వాడడమే కాదు, భాషనే మార్చుకోవచ్చు. కొత్త గుర్తులు పుట్టించవచ్చు, పాత గుర్తులకు కొత్త అర్థాలివ్వచ్చు. నాకు ఆ భాష వచ్చని తెలిసి మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "ఆ ఆరువేల లైన్ల కొండచిలువను మూడు నెలల్లో చంపెయ్యాలి. నీవల్ల అవుతుందా?" అన్నాడు. నేను మూడు నెలలెందుకు సార్ అన్నాను.

ఆ తర్వాత జరిగిన మీటింగులోనే అసలు సంగతి బయటపడింది. దానికి ముందు పంపక్క గురించి చెప్పాలి.

పంప్‌హౌస్‌లో పనిచేసే ఆవిడను మేమంతా పంపక్క అనేవాళ్ళం. పైపు మీద చెయ్యి పెట్టి ఏ వీధిలో వాల్వు సగం ఇరుక్కుందో చెప్పగల మనిషి. చిన్నప్పుడే బడి మానేసింది. వాల్వులు చేత్తో తిప్పే రోజుల్లో చేరింది. పద్దెనిమిదేళ్ళ కింద కంప్యూటరు వచ్చినా ఆమె ఉండిపోయింది. నెలకోసారి రిజిస్టరు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చి పదకొండుగారి పక్కన గంటసేపు కూర్చుని వెళ్ళేది. ఇద్దరూ వీధుల గురించి పేరంటాళ్ళలా కబుర్లు చెప్పుకునేవారు.

మేనేజరు మీటింగులో లేచి అన్నాడు: "కొత్త ప్రోగ్రామ్ వచ్చాక, దాన్ని చదివి, అవసరమైతే మార్చగలిగినవాళ్ళే పంప్‌హౌస్‌లో ఉండాలి. మిగతావాళ్ళు గోదాముకి."

గోదామంటే ఊరవతల రేకుల షెడ్డు. పాత పైపులు తుప్పు పడుతుంటే, ఆ తుప్పును ఎవరూ ఎత్తుకుపోకుండా కూర్చుని చూడడం అక్కడి ఉద్యోగం. మిగతావాళ్ళు అంటే పంప్‌హౌస్‌లో ఉన్నది పంపక్క ఒక్కతే.

పదకొండుగారు లేచి నిలబడ్డారు. "ఆవిడ చదవగలిగే ప్రోగ్రామ్ ఒకటి ఉంది కదండీ, ఇప్పుడు నడుస్తున్నది."

"అది మీ బుర్రకు కొలత పెట్టి కుట్టుకున్నది పదకొండుగారూ. ఊరికి చాలదు," అన్నాడు మేనేజరు.

అందరూ నవ్వారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వి కూర్చున్నారు. పంపక్కకు రెండు నెలల తర్వాత ఒకటో తారీఖు నుంచి గోదాము అని ఉత్తర్వు వెళ్ళింది.

నేను రాయడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో నా నడకే వేరు. ఆరువేల లైన్లు మూడొందలయ్యాయి. మొదటి వారంలోనే ప్లస్ గుర్తుకు అర్థం మార్చేశాను. రెండు వీధుల మధ్య ప్లస్ పెడితే ఆ రెండింటి వంతులూ కలిసిపోయి, వాల్వులు ఒకేసారి తెరుచుకోవాలి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అద్దంలో చూసుకున్నట్టు రోజుకు నాలుగుసార్లు ఆ పేజీ తెరిచి చూసుకునేదాన్ని. పదకొండుగారు ఒకరోజు నా వెనక నిలబడి మొత్తం చదివి, "చాలా బాగుందమ్మాయ్. తాళంచెవి ఎక్కడ పెట్టావో మాత్రం రాసి పెట్టుకో," అని వెళ్ళిపోయారు. పాపం, అర్థం కాక ఏదో ఒకటి అన్నారనుకున్నాను.

కొత్త ప్రోగ్రామ్ నెలరోజుల్లోనే తయారై, పంప్‌హౌస్‌లో దానికోసం పెట్టిన కొత్త కంప్యూటరులో ఎక్కింది. మూడు వారాలు గడియారంలా నడిచింది. మేనేజరు నన్ను రోజుకో గదికి తీసుకెళ్ళి పరిచయం చేశాడు. ఇంతలో ఎండలు ముదిరాయి, వేసవి వేళలకు మారాలి. ప్రతి వీధికీ ముప్ఫై నిమిషాలు కలపాలి. పాత ప్రోగ్రామ్ అయితే రెండువందల పన్నెండు మార్పులు. నేను కాలు మీద కాలేసుకుని ఒకే ఒక్క లైను రాశాను. వీధి ప్లస్ ముప్ఫై.

మర్నాడు ఉదయం ఏడింటికి, ముప్ఫయ్యో వీధి వంతు వచ్చింది. అది లాండ్రీల వీధి. నేను ముప్ఫై నిమిషాలనుకున్నాను. ప్లస్‌కు నేనే నేర్పిన పాఠం ప్రకారం కంప్యూటరు ముప్ఫయ్యో వీధి అనుకుంది. ఊళ్ళో ఉన్న ప్రతి వీధినీ లాండ్రీల వీధితో కలిపి ముడేసింది. రెండువందల పన్నెండు వాల్వులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఉన్న నీళ్ళు అందరికీ సమానంగా పంచడంతో ఎవరికీ చుక్క రాలేదు. ఊరంతా కుళాయిలు ఈల వేశాయి.

నేను ఆఫీసు చేరేసరికి ఫోన్లు మోగుతున్నాయి. మంగలి ఒకాయన, గిరాకీ మొహాన సబ్బు నురగతో కూర్చున్నాడు, ఏం చెయ్యమంటారు అని అడుగుతున్నాడు. బేకరీ ఆయన పిండి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానన్నాడు. లాండ్రీ ఆవిడ మాత్రం, మా వీధికి ఎప్పుడూ ఇంతే కదా, ఇవాళ ఊరందరికీ తెలిసొచ్చింది, చాలా సంతోషం అని పెట్టేసింది. మేనేజరు నా కుర్చీ వెనక అటూ ఇటూ తిరుగుతూ, "ఎక్కడుంది తప్పు? ఎక్కడుంది?" అంటున్నాడు.

నాకు తెలియలేదు. ప్లస్ అర్థం మార్చి రెండు నెలలు కావస్తోంది, మార్చిన సంగతే నాకు గుర్తులేదు. నా మూడొందల లైన్లు నాకే పరాయి ఊరి ఉత్తరంలా కనిపించాయి. ప్రతి లైనులోనూ నా తెలివి కనిపిస్తోంది, అర్థం మాత్రం కనిపించడం లేదు.

పదకొండుగారు టీ గ్లాసుతో వచ్చి నా భుజం మీదుగా వంగి, అరనిమిషం చూశారు.

"నూట పద్నాలుగో లైనమ్మాయ్. ప్లస్ అర్థం అక్కడ మార్చావు. కింద దాన్నే మామూలు ప్లస్ అనుకుని వాడావు. అదొక్కటే సరిదిద్దితే కుదరదు, ఇంకో పదహారు చోట్ల నువ్విచ్చిన ఆ కొత్త అర్థం మీదే ఆధారపడ్డావు. సాయంత్రం దాకా పని."

ఆ భాష తెలిసినవాళ్ళు మా ఊళ్ళో నలుగురో ఐదుగురో. అరనిమిషంలో అది పట్టడం ఆ నలుగురివల్లా కాదు.

"సార్, మీ బుర్ర చిన్నదన్నారు?"

"జలుబు చేసినప్పుడు కాస్త పెద్దదవుతుంది. పద, పంప్‌హౌస్‌కి పోదాం. పాతది ఎక్కిద్దాం," అన్నారు.

ఆటో దిగేసరికి పంప్‌హౌస్ గేటు దగ్గరి కుళాయిలో నీళ్ళు దబదబా పడుతున్నాయి. లోపల పంపక్క స్టూలు మీద కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. ఏడు పదికే కొత్త కంప్యూటరు ఆపేసి, మూలనున్న పాత కంప్యూటరును తగిలించిందట. ఖాళీ అయిన పైపులు మళ్ళీ నిండడానికే ఇంతసేపు పట్టిందట.

"కానీ అక్కా, పాతదాంట్లో చలికాలం వేళలు కదా ఉండేది," అన్నాను.

"వేసవివి పెట్టేశాను. కొత్తది వచ్చినా చెయ్యి ఊరుకోలేదు. మూడు రోజులు పట్టింది, రెండువందల పన్నెండు చోట్ల కదా."

"నువ్వు మార్చావా?"

"మరి ఎవరు మారుస్తారు చెల్లీ? పద్దెనిమిదేళ్ళుగా నేనే కదా మారుస్తున్నది."

పదకొండుగారు మీటరు చూసొస్తానని బయటికి వెళ్ళారు. పంపక్క గుమ్మం వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది.

"నాకంటే ఆయన గురించే బెంగ చెల్లీ. నేను గోదాముకి పోతే ఆయన పదకొండు మాటలు ఎవరు చదువుతారు? మంచి మనిషి. బుర్రే కాస్త... నీకు తెలుసు కదా. ఆ అట్ట మీద మొదట్లో పంతొమ్మిది ఉండేవి. కంప్యూటరు వచ్చిన కొత్తలో, అది నేర్చుకోకపోతే నన్ను గోదాముకి పంపిస్తామన్నారు. సారు వారం రోజులు ఈ స్టూలు మీద కూర్చుని నేర్పారు. నాకు ఓ ఎనిమిది అస్సలు ఎక్కలేదు. నా మొహానికి ఇవెందుకు సారూ, గోదాముకే పోతానని ఏడ్చాను. మర్నాడు వచ్చి ఆ ఎనిమిదీ కొట్టేశారు. ఇవి నాకే గుర్తుండట్లేదమ్మా, నా బుర్ర చిన్నది, మీకేం నేర్పను అన్నారు. ఎంత పెద్ద చదువులు చదివిన ఆయనకే పట్టట్లేదంటే ఇంక నాకేం సిగ్గు అనిపించింది. అప్పుడు కూర్చుని మిగతావి నేర్చేసుకున్నా."

ఒక మనిషి చిన్నబుచ్చుకోకుండా ఉండడానికి, 'బుర్ర చిన్నది' అన్న మాటను తన నెత్తిన పెట్టుకుని పద్దెనిమిదేళ్ళు మోశారాయన. మూడు ప్రమోషన్లు దానికింద నలిగిపోయాయి. మీటింగులో మేమంతా నవ్వింది దాన్ని చూసే. నా మీద నాకు కోపమొచ్చింది, ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"ఇంకో మాట," అంది పంపక్క మరింత దగ్గరికి జరిగి. "ఆయనతో అనకు. ఆ ఎనిమిదీ నాకు ఎప్పుడో వచ్చేశాయి. పాత పుస్తకాల కొట్లో పుస్తకం కొనుక్కుని, ఒకటో రెండో ఏడాదిలోనే చదివేశా. వాటిలో ఒకటుంది చూడు, కొన్ని లైన్లకు పేరు పెట్టుకుని పిలిచేది, టీ పెట్టు అన్నట్టు. అది ఉంటే మూడు రోజుల పని పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ నేను వాడితే ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకున్నా. పాపం, ఆయనకు పదకొండే కదా."

నేను స్టూలు వెతుక్కుని కూర్చున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి నవ్వే గెలిచింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "సార్, పేరు పెట్టి పిలిచే ఆ మాట మీకెప్పుడూ కావాలనిపించలేదా?"

"దానికోసం మొహం వాచిపోయి ఉన్నానమ్మాయ్. నువ్వు దరఖాస్తు పెట్టినప్పుడల్లా నీ చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించేది. కానీ ఆవిడకు ఎక్కదు. ఎక్కకపోతే మళ్ళీ బెంగ పెట్టుకుంటుంది. ఎవరితోనూ అనకు."

ఇద్దరూ ఒకే మాట చెప్పవద్దన్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటూ ఉంటుంది. ఆ రోజు నానింది.

మధ్యాహ్నం మేనేజరు మీటింగు పెట్టాడు. "పాతది ఎక్కించి గండం గట్టెక్కించింది ఎవరు?" అన్నాడు. పదకొండుగారు పంపక్క అన్నారు. వేసవి వేళలు మార్చింది ఎవరు అంటే పంపక్క అన్నారు. మేనేజరు నా వైపు తిరిగాడు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ప్రోగ్రామ్ చదివి మార్చగలిగినవాళ్ళే పంప్‌హౌస్‌లో ఉండాలని మీరే అన్నారు. ఆ మాట ప్రకారం అక్కడ ఉండాల్సింది పంపక్కే. నేను రాసింది నేనే చదవలేకపోయాను. గోదాముకి పోవాల్సింది నేను."

ఎవరూ నవ్వలేదు, ఒక్క పదకొండుగారు తప్ప. మేనేజరు మొండివాడే కానీ మూర్ఖుడు కాడు. పైగా వాళ్ళ ఇంట్లోనూ ఆ ఉదయం కుళాయి ఈల వేసిందట. ఉత్తర్వు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు. బల్ల కూడా నిలబడింది.

ఆ వారంలోనే పంపక్క రిజిస్టరుతో పాటు ఒక దరఖాస్తు ఫారం తెచ్చింది. ఇచ్చింది నేనే. నింపమని కూర్చోబెట్టిందీ నేనే. నాకు తెలిసిన రహస్యాలు రెండూ ఎవరికీ చెప్పకుండా, ఇద్దరినీ ఒక దగ్గరికి తోయడానికి నాకు అంతకంటే దారి దొరకలేదు. ఏ మాట కావాలి అన్న గడిలో 'పేరు పెట్టి పిలిచేది' అని రాసింది. 'దాన్ని నీ తర్వాత ఎవరు చదువుతారు' అన్న గడిలో 'సారు' అని రాసింది. 'వాళ్ళను అడిగావా' అన్నచోట, 'ఇప్పుడు అడుగుతున్నాను' అని రాసింది.

పదకొండుగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, ఇది మీకు... నా బుర్ర..." అని నసిగారు.

"నేను నేర్పుతాను లెండి సారూ. మెల్లగా," అంది పంపక్క.

మర్నాడు ఉదయం పంప్‌హౌస్‌లో ఆ స్టూలు మీద ఆయన, ఎదురుగా సుద్దముక్కతో ఆమె. తనకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మాటను ఆయన చేతులు కట్టుకుని నేర్చుకున్నారు. మూడు సందేహాలు కూడా అడిగారు.

"అలా పేరు పెట్టేశాక లోపలి లైన్లు ఎక్కడికి పోతాయమ్మా? కనపడవా?"

"ఎక్కడికీ పోవు సారూ, పైనే ఉంటాయి. అనుమానమొస్తే వెళ్ళి చూసుకోవచ్చు. ఎనిమిది లైన్లు దాటనివ్వకుండా చూసుకుంటే సరి."

"ఎనిమిదంటే పర్లేదు, పడతాయి," అన్నారు ఆయన నుదురు నొక్కుకుంటూ.

పాఠం అయ్యాక ఆమె నన్ను పక్కకు పిలిచి, "నాలుగు రోజులు పడుతుందనుకున్నా చెల్లీ. ఒక్క పూటలో పట్టేశారు. మరీ అంత చిన్న బుర్రేం కాదు," అంది. గేటు దగ్గర ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఎంత బాగా చెబుతుందో చూశావా? నేనే తక్కువ అంచనా వేశాను," అన్నారు. నేను ఇద్దరికీ అవునవునన్నాను.

ఇప్పుడు మా ప్రోగ్రామ్ ఆరొందల లైన్లకు వచ్చింది. పంపక్క, పదకొండుగారు, నేను, ఆఖరికి మేనేజరు కూడా దాన్ని పైకి చదవగలం. వేసవి మార్పులకు పది నిమిషాలు పడుతోంది. అట్టముక్క మీద పన్నెండో మాట పంపక్క చేతిరాతలో ఉంది. అయినా ఆయన్ని అందరూ పదకొండుగారనే అంటారు, అలవాటు చచ్చినా పోదు కదా.

మొన్న నేను పదమూడో మాటకు దరఖాస్తు పెట్టాను. ఇద్దరూ కలిసి చదివి, ఇద్దరూ సంతకాలు పెట్టి వెనక్కి పంపారు. తిరస్కరించిన కారణం అన్న గడిలో ఈసారి ఇలా ఉంది: 'నీ బుర్ర పట్టదు.'